ఆన్ ఆర్బర్ పుస్తకాల కొట్లు

చిన్న పుస్తకాల కొట్ల సంగతి మన వారాంతపు విందుల్లో అప్పుడప్పుడు మాటల్లోకి వస్తూ ఉంటుంది. "అమెజాన్ గుమ్మంలోకి తెచ్చి ఇస్తుంటే ఆ కొట్లతో పనేమిటి?" అని ఒకరంటారు. "అవి ఎప్పుడో పోయాయి కదండీ!" అని ఇంకొకరంటారు. రెండో మాట నిజం కాదు. మొదటి మాటకు జవాబు కావాలంటే మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అనే ఒక్క ఊరి కథ చూస్తే చాలు.

1971లో టామ్, లూయీ బోర్డర్స్ అనే అన్నదమ్ములు అక్కడి విశ్వవిద్యాలయం దగ్గర పాత పుస్తకాల కొట్టు ఒకటి పెట్టారు. తరువాత కొత్త పుస్తకాలకు మళ్ళారు. లూయీ గణితం చదువుకున్నవాడు. ఏ పుస్తకం ఎంత వేగంగా అమ్ముడుపోతున్నది, దేన్ని ఎప్పుడు మళ్ళీ తెప్పించాలి అన్న లెక్కలన్నీ కంప్యూటరుకు అప్పగించాడు. 1970లలో ఇది చిన్న సంగతి కాదు. అయితే ఆ కొట్టు గొప్పదనం యంత్రంలో లేదని నా అభిప్రాయం. అక్కడ ఉద్యోగానికి వచ్చినవారికి పుస్తకాల మీద పరీక్ష పెట్టేవారు! పుస్తకాలు చదివిన మనిషే పుస్తకాలు అమ్మాలని వారి పట్టుదల.

1992లో కేమార్టు ఈ వ్యాపారాన్ని కొనుక్కుంది. కొట్టు కాస్తా దేశమంతటా వందల దుకాణాలైంది. చిన్న కొట్లను మింగుతున్నాయని ఆ రోజుల్లో జనం తిట్టుకున్నది బోర్డర్స్‌నీ, బార్న్స్ అండ్ నోబుల్‌నీ. అమెజాన్ 1995లో మాత్రమే అమ్మకాలు మొదలుపెట్టింది; దానికి ఇంకా పాలపళ్ళే. 2001లో బోర్డర్స్ వారు తమ ఇంటర్నెట్ అమ్మకాలను ఆ అమెజాన్‌కే అప్పగించారు. ఎదురింటి వాడి చేతికి బీరువా తాళాలిచ్చి తీర్థయాత్రకు వెళ్ళడమంటే ఇదే. 2008లో తాళాలు వెనక్కి తీసుకున్నారు గాని అప్పటికి వాడుకదారులకు ఆ గుమ్మం అలవాటైపోయింది. 2011 ఫిబ్రవరిలో దివాలా, జూలైలో మూసివేత నిర్ణయం. మిగిలిన సుమారు 400 దుకాణాలూ, పదివేలకు పైగా ఉద్యోగాలూ పోయాయి. పుట్టిన ఊళ్ళోని దుకాణం కూడా ఆ సెప్టెంబరులో తలుపులు వేసింది.

అదే ఊళ్ళో 1980 నుంచి షామన్ డ్రమ్ అనే పుస్తకాల కొట్టు ఉండేది. కార్ల్ పోర్ట్ దాని యజమాని. సాహిత్యం, చరిత్ర, తత్త్వం చదివే విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు అమ్మి, ఆ లాభంతో కవిత్వం అలమారాలు నిలబెట్టేవాడు. మన ఊళ్ళలో నోటుపుస్తకాలు, గైడ్లు అమ్ముకుంటూ ఒక మూల నాలుగు మంచి నవలలు ఉంచే షాపు వంటిదే అనుకోండి. విద్యార్థులు పాఠ్యపుస్తకాలు ఇంటర్నెట్‌లో కొనడం మొదలుపెట్టేసరికి పునాది కదిలిపోయింది. 2009 జూన్‌లో మూతపడింది. పెద్ద దెబ్బ తగిలింది పాఠ్యపుస్తకాలకు. పోయింది మాత్రం కవిత్వం అలమారా. ఈ వ్యవహారంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ ముక్కే.

ఇక ధర సంగతి. మనం లెక్కలు వచ్చినవాళ్ళం గనుక లెక్కే చూద్దాం. అట్ట మీద 28 డాలర్లున్న పుస్తకం ప్రచురణకర్త దగ్గర చిన్న కొట్టుకు నూటికి నలభై, నలభైఅయిదు తగ్గింపుతో దొరుకుతుంది. అంటే సుమారు 16 డాలర్లు. మిగిలిన పన్నెండులో అద్దె, జీతాలు, దీపాలు, తిరుగు టపా ఖర్చు అన్నీ పోవాలి. అదే పుస్తకం తెర మీద 17 డాలర్లకు కనిపిస్తే కొట్టువాడు ఏం చేయగలడు? అమెజాన్‌కు పుస్తకం మీద లాభం రాకపోయినా బాధ లేదు. పుస్తకం కోసం వచ్చినవాడు మిక్సీ కొంటాడు. దీనికి తోడు అమ్మకం పన్ను. రాష్ట్రంలో దుకాణమో గిడ్డంగో లేని వ్యాపారి చేత పన్ను వసూలు చేయించరాదని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది. మిషిగన్‌లో పన్ను నూటికి ఆరు. ఆన్ ఆర్బర్ కొట్టువాడు కట్టించుకోవలసిందే, అమెజాన్ 2015 దాకా అక్కడ ఆ పని చేయలేదు. 2018లో కోర్టు ఆ పాత తీర్పును తానే తిరగరాసింది. అప్పటికి ఎన్ని కొట్లు పోయాయో!

మన దేశంలో అట్ట మీద ధర అచ్చువేసి ఉంటుంది గాని, అంతకు తక్కువకు అమ్మకూడదన్న నియమం లేదు. ఫ్రాన్సులో ఉంది. 1981 నుంచి అక్కడ కొత్త పుస్తకం మీద నూటికి అయిదుకు మించి తగ్గించరాదు. పంపే ఖర్చు ఉచితమంటూ ఆ నియమాన్ని దాటవేస్తున్నారని, 2023 అక్టోబరు నుంచి 35 యూరోల లోపు కొనుగోళ్ళకు కనీసం మూడు యూరోలు రవాణా తీసుకోవాలన్నారు. అమెరికాలో అటువంటి చట్టం వస్తుందని ఆశ పెట్టుకోనక్కరలేదు.

అయినా కొట్లు చావలేదు. అమెరికన్ బుక్‌సెల్లర్స్ అసోసియేషన్ లెక్క ప్రకారం 2009లో దేశం మొత్తం మీద సభ్యుల కొట్లు 1,651. 2018కి అవి 2,470. బోర్డర్స్ పోయిన రెండేళ్ళకు, 2013లో, ఆన్ ఆర్బర్ నడిబొడ్డునే లిటరాటి అనే కొత్త కొట్టు వెలిసింది. తెలిసినవాళ్ళు వద్దన్న వ్యాపారమే అయి ఉండాలి! ఆ కొట్లో ఒక టైపురైటరు పెట్టి, కాగితం ఎక్కించి వదిలేశారు. వచ్చినవాళ్ళు పేరు రాయకుండా తోచింది కొట్టి పోవచ్చు. ప్రేమలు, పరీక్షలు, చనిపోయిన తండ్రులు, అన్నీ ఆ కాగితాల మీదికి వచ్చాయి. కొన్నిటిని బయటి గోడ మీద రాయించారు, 2018లో పుస్తకంగా కూడా వేశారు. ఈ పత్రికకు స్టెన్సిళ్ళు కొట్టిన పాతవాళ్ళకు ఆ మీటల చప్పుడు విలువ వేరే చెప్పనక్కరలేదు. 2020లో కరోనా వచ్చి తలుపులు మూసినప్పుడు ఈ కొట్టు సాయమడిగితే ఊరివాళ్ళు కొద్ది రోజుల్లోనే లక్ష డాలర్లకు పైగా ఇచ్చారు. ధర తక్కువని ఎవరూ ఇలా చందాలివ్వరు.

కనుక "పనేమిటి?" అన్నదానికి నా జవాబు ఇది. మీకు కావలసిన పుస్తకం పేరు తెలిస్తే అమెజాన్ చాలు. తెలియకపోతే? పదకొండేళ్ళ పిల్ల ఒక వరస పుస్తకాలన్నీ ముగించి "తరువాత ఏం చదవను?" అంటే, తెర పైన వచ్చే జాబితా ఆ పిల్ల ఇంతకుముందు కొన్నదానికి కవలపిల్లల్నే చూపిస్తుంది. కొట్లో మనిషి ముఖం చూసి, ఒక ప్రశ్న అడిగి, పిల్ల కలలో కూడా అడగని పుస్తకం చేతిలో పెడతాడు. మన సభ్యుల్లో ఆ కంపెనీలోనే పనిచేసేవారున్నారు, వారి మీద ఆక్షేపణ ఏమీ లేదు. అక్కడ కొనవద్దని కూడా నేననను. ఇంట్లో కూర్చునే కొనాలనుకుంటే 2020 జనవరిలో మొదలైన బుక్‌షాప్ డాట్ ఆర్గ్ అనేది ఉంది. అందులో మీ ఊరి కొట్టు పేరు ఎంచుకుని అచ్చు పుస్తకం కొంటే అట్ట ధరలో నూటికి ముప్ఫై ఆ కొట్టుకు చేరుతుంది.

ఇది అమెరికావాళ్ళ గొడవ, మనకేమిటి అనుకునేవారికి ఒక మాట. ఇండియాలో 2007లో ఫ్లిప్‌కార్టు పుస్తకాలతో మొదలైనప్పుడు దాని మొట్టమొదటి గిరాకీ మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. మనవాళ్ళు అందులోనూ ముందే! కాని 2016 డిసెంబరులో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం భాషల్లో కిండిల్ పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ అయిదింటిలో తెలుగు లేదు. వెయ్యి కాపీలు వేసే మన కథల సంపుటిని లెక్కల యంత్రం పట్టించుకుంటుందా? అమెరికాలో తెలుగు పుస్తకం ఇన్నాళ్ళూ బతికింది మనుషుల చేతుల మీదనే. తానా, ఆటా సభల్లో ఒక మూల వేసిన బల్లలు, ఎవరింటి బేస్‌మెంటులోనో పేర్చిన అట్టపెట్టెలు, 1998 నుంచి పుస్తకం చదివి చర్చించుకుంటున్న డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ వంటి చిన్న గుంపులు. ఏలూరు రోడ్డు మీద పుస్తకాల షాపుల వెంట తిరిగినవాళ్ళకు ఇవి కంటికి ఆనవు, నిజమే. కాని మనకున్న పుస్తకాల కొట్టు ఇదే.

అందుకని వచ్చే ఉగాది సభలో భోజనాల హాలు గుమ్మం పక్కన ఒక బల్ల వేయించమని కార్యవర్గాన్ని అడగబోతున్నాను. పుస్తకం ఖరీదు కంటే విమానపు టపా ఖర్చే ఎక్కువవుతుంది కనుక, ఇండియా వెళ్ళి వచ్చేవారు 23 కిలోల పెట్టెలో నాలుగు కిలోలు పుస్తకాలకు వదిలిపెట్టాలి. ఆవకాయ జాడీ ఒకటి తగ్గుతుంది, ఇంట్లో నచ్చజెప్పుకోండి. ఎవరు ఏ నెలలో వస్తున్నారో ముందుగా తెలియజేస్తే కావలసిన పుస్తకాల పట్టిక పంపుతాను. బల్ల దగ్గర కూర్చోవడానికి ఇద్దరు కావాలి. పుస్తకాలు చదివినవారైతే మేలు. పరీక్ష మాత్రం పెట్టం.