పద్దులో లేనిదాన్ని పట్టుకోవడమే ఆడిట్

ఇంటర్వ్యూలో ఇలా అడిగారనుకోండి. ఒక కంపెనీ జర్మనీ నుంచి యంత్రం తెప్పించుకోవడానికి మార్చి 20న 10 కోట్ల రూపాయలకు లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిచింది. బ్యాంకు కోటి రూపాయలు మార్జిన్‌గా పట్టుకుంది. యంత్రం ఏప్రిల్‌లో ఓడెక్కుతుంది. మార్చి 31న పుస్తకాల్లో ఏం రాస్తారు?

10 కోట్లు అప్పు అని ఠక్కున చెప్పేస్తారు చాలామంది. కాదు. ఆ రోజుకి సరుకు రాలేదు, బాకీ పడలేదు. మార్జిన్ కోటి బ్యాంకు దగ్గరున్న కంపెనీ డబ్బే. చార్జీలకు ఒక పద్దు. మిగతాది నోట్స్‌లో చెప్పాలి, అంతే. ఇప్పుడు ఒక్క తేదీ మార్చండి. ఎఫ్‌ఓబీ షరతు మీద యంత్రాన్ని మార్చి 28నే ఓడలోకి ఎక్కించారు. అదింకా సముద్రం మీదే ఉన్నా సరే, సాధారణంగా ఆస్తీ బాకీ రెండూ ఆ ఏడాది లెక్కల్లోకే రావాలి. అందుకే ఆడిటర్ కన్ను ముందు బిల్ ఆఫ్ లేడింగ్ మీది తేదీ మీద పడుతుంది.

ఇదంతా బీకామ్ వాళ్ల గోల, మనకెందుకు అంటారా? 2018లో బయటపడ్డ పంజాబ్ నేషనల్ బ్యాంక్ కుంభకోణం గుర్తు తెచ్చుకోండి. అక్కడ ప్రధానంగా వాడింది ఎల్‌సీ కాదు, దాని దగ్గరి చుట్టం లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్. ముంబయి బ్రాడీ హౌస్ శాఖ నుంచి స్విఫ్ట్‌లో హామీ సందేశాలు వెళ్లిపోయాయి. కోర్ బ్యాంకింగ్‌లో మాత్రం వాటి ఎంట్రీ లేదు. రెండు సాఫ్ట్‌వేర్లకూ లింకు లేదు మరి! ఆ ఏడాది జనవరిలో మళ్లీ హామీ కోసం వచ్చినవాళ్లను పూర్తి మార్జిన్ అడిగితే, ఇంతకుముందు అదేమీ లేకుండానే ఇచ్చారని వాళ్లన్నారు. అలా తీగ లాగితే డొంకంతా కదిలింది. లెక్క 13 వేల కోట్లు దాటింది. మార్చిలో రిజర్వ్ బ్యాంక్ ఆ లెటర్లను ఆపేసింది, ఎల్‌సీలను ఉంచింది.

నా ఉద్దేశంలో ఇందులో ఇంజినీర్లకే ఎక్కువ పని ఉంది. ఆడిటర్ కోర్ బ్యాంకింగ్ జాబితాలోంచి 50 శాంపిళ్లు తీసి కాగితాలతో సరిచూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. జాబితాలోనే లేనిది శాంపిల్‌లోకి ఎలా వస్తుంది? అందుకే ఎదురు నడవాలి. ఎల్‌సీ తెరిచినప్పుడు స్విఫ్ట్‌లో వెళ్లే ఎంటీ 700 సందేశాలు ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ పుస్తకాల్లో ఉందా అని వెతకాలి. ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లకు ఇది మామూలు లెఫ్ట్ జాయిన్. ఏ టేబుల్‌ను ఎడమవైపు పెట్టాలో తెలియాలి, కథంతా అక్కడే ఉంది. కంపెనీ ఆడిట్‌లోనూ ఇదే సూత్రం. బాకీ సున్నా అని కంపెనీ చెప్పే బ్యాంకుకు కూడా ఆడిటర్ నేరుగా లేఖ రాసి, తెరిచి ఉన్న ఎల్‌సీలెన్నో అడగాలి.

ఫైనలియర్ ప్రాజెక్టుగా మళ్లీ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమేనా? దాని బదులు రెండు టేబుళ్లు తయారుచేయండి. ఒకటి సందేశాలది, ఇంకొకటి పద్దులది. ఓ పది సందేశాలకు పద్దు రాయకుండా వదిలేయండి. కొన్నింటికి మొత్తం తేడాగా, కొన్నింటికి సవరణ సందేశం ఎంటీ 707 పద్దులోకి ఎక్కనట్టు పెట్టండి. కామర్స్ చదివే స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని యూసీపీ 600లో 5, 14 ఆర్టికల్స్ చదవండి. బ్యాంకు సరుకు చూడదు, కాగితాలే చూస్తుందని, అందుకు గరిష్ఠంగా 5 బ్యాంకింగ్ రోజులే గడువని అక్కడ ఉంటుంది. ఆ గడువు దాటినవాటినీ మీ ప్రోగ్రామ్ పట్టుకుంటే, రెజ్యూమెలో పై వరసలోనే రాసుకోవచ్చు.