గ్రూపులో ఎవరున్నారో ఎప్పుడైనా చూశారా?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పాస్‌వర్డుల మీద ఉన్న పట్టింపు గ్రూపుల మీద ఉండదు. పాస్‌వర్డులో ఒక అంకె, ఒక చుక్క ఉండాల్సిందేనని రూలు పెడతాం. ఏ గ్రూపులో ఎవరున్నారో చివరిసారి ఎప్పుడు చూశారంటే మాత్రం తల గోక్కుంటాం. నన్నడిగితే అసలు తాళంచెవులు ఉండేది అక్కడే.

మాది ఆర్మూరు, పసుపు ఊరు. ఇక్కడి పంట ఎక్కువగా నిజామాబాద్ యార్డుకే పోతుంది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలయ్యాక బేరం కూడా కంప్యూటరెక్కింది. దుకాణాల లెక్కలు అంతకుముందే ఎక్కాయి. తెలిసినవాళ్ళ అడ్తి దుకాణంలో ఒక లినక్స్ డబ్బా ఉంది. ఏ రైతు ఎన్ని సంచులు దించాడు, ఎవరికెంత అప్పుంది, ఎంతొస్తే అమ్ముతానన్నాడు, అన్నీ ఒకే ఫోల్డర్లో.

సీజన్ ముందు ఒకసారి చూసిపొమ్మంటే వెళ్ళి 'గెటెంట్ గ్రూప్' కొట్టాను. లెక్కల గ్రూపులో ఆరు పేర్లు. పనిచేసేది నలుగురు! అయిదో మనిషి మానేసి ఏడాదైంది, ఇప్పుడొక ఖరీదుదారు దగ్గర గుమాస్తా. ఆరోది సాఫ్ట్‌వేర్ పెట్టినాయన టెస్టింగుకని చేసుకున్న అకౌంటు.

"వాడు మంచోడే తమ్మీ, ఏం జెయ్యడు" అన్నాడు సేఠు. నిజమే కావచ్చు. కానీ రైతు అప్పు సంగతి కొనేవాడికి ముందే తెలిస్తే ఇక బేరం ఎక్కడిది? క్వింటాలుకి వంద తగ్గినా పోయేది రైతుకే. 'చదివే పర్మిషనే కదా, రాసేది కాదుగా' అని మనం తేలిగ్గా తీసుకుంటాం. బేరంలో చదవడమే సర్వం.

ఇదంతా మామూలు స్క్రీన్లో కనపడదా, నల్ల తెర ఎందుకంటారా? కనపడుతుంది, ఒక్కొక్కరినీ క్లిక్ చేసుకుంటూ పోతే. కమాండ్ ఇచ్చేది ఉత్త అక్షరాలు. ఫైల్లో దాచి, వచ్చే నెల దానితో 'డిఫ్' కొడితే ఎవరు చేరారో, ఎవరు పోయారో రెండు నిమిషాల్లో తేలుతుంది.

కొన్ని మెలికలున్నాయి. ఆ గ్రూపే ప్రైమరీగా ఉన్నవాళ్ళ పేర్లు సాధారణంగా గెటెంట్ వరుసలో రావు. 'ఐడీ' పక్కన పేరు పెట్టి ఒక్కొక్కరి గురించీ అడగాలి. 'ఎల్ఎస్ మైనస్ ఎల్' కొట్టినప్పుడు పర్మిషన్ల చివర ప్లస్ గుర్తుంటే, విడిగా ఇంకెవరికో దారి తెరిచి ఉందని అర్థం. అది 'గెట్ఎఫ్ఏసీఎల్'తో చూడాలి. గ్రూపులోంచి పేరు తీసేసినా, అప్పటికే లాగిన్ అయి ఉన్నవాడికి ఆ సెషన్ ముగిసేదాకా పాత హక్కు అలాగే ఉంటుంది. ఇక డాకర్ గ్రూపులో ఉన్నవాడు మామూలుగా రూట్‌తో సమానమే. విండోస్ వాళ్ళకి 'నెట్ లోకల్‌గ్రూప్', 'ఐకాకల్స్' ఉన్నాయి.

పెద్ద కంపెనీల్లో ఇంతకన్నా గొప్పగా ఉందని నేననుకోను. టీమ్ మారిన రోజే కొత్త గ్రూపు కావాలని మెయిల్ పెడతాం. పాతదాంట్లోంచి నన్ను తీసెయ్యమని ఎవరైనా పెట్టారా? యార్డులో ఖరీదుదారు లైసెన్సుకైనా గడువుంటుంది, మన గ్రూపులకే లేదు.

అందుకే నేననేది, మనిషి మానేసిన రోజే పేరు తీసెయ్యాలి, నెలకోసారి జాబితా సరిచూడాలి. ఇందులో ఎవర్నీ అనుమానించడమేమీ లేదు. రేపేదైనా బయటికి పొక్కితే, ఏ పాపం తెలియని ఆ పాత గుమాస్తా మీదికే కదా మాట వచ్చేది!

ముందు మీ మెషీన్లో 'ఐడీ' అని కొట్టి చూడండి. మీకే అక్కర్లేని గ్రూపులు ఎన్ని తేలతాయో!