మామ క్యాబినెట్‌కు మూడు చిల్లులు

సెలవుల్లో నేను మన గ్రూపులో పెట్టిన ఫోటో గుర్తుందా? పాత ఇనుప క్యాబినెట్, మూడు చిల్లులు, వైర్లకు తెల్ల గుడ్డ టేపు. "గ్లాస్ యాడ? లైట్లు యాడ? దీన్ని కూడా మాడ్ అంటారా?" అని ఒకటే నవ్వులు. అప్పుడు నాకు వాదించే ఓపిక లేదు. ఇప్పుడు ఉంది.

ఆ కంప్యూటర్ ధర్మవరంలో ఉండే మా మామది. ఆయన పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. బార్డరు, కొంగు, బుటా అన్నీ స్క్రీన్ మీద గడి గడిగా నింపుతాడు. ఆ గడుల్ని బట్టే జకార్డ్ అట్టలకు చిల్లులు పడతాయి. (కంప్యూటర్ చరిత్ర పాఠంలో బాబేజ్ కంటే ముందు వచ్చే 1804 నాటి జకార్డ్ ఇదే. మనం పరీక్ష రాసి మర్చిపోయినాం, ధర్మవరంలో ఇంకా తిండి పెడుతోంది.) పెళ్లిళ్ల సీజన్‌లో ఆ మిషన్ ఇరవై నిమిషాలకోసారి ఆగిపోవడం మొదలైంది. వైరస్ అని ఒకరు, ర్యామ్ అని ఒకరు చెప్పినారు. నేను వెళ్లి పక్క డోరు తీస్తే విషయం కళ్ల ముందే ఉంది. ఎక్కడా తగిలించకుండా మిగిలిపోయిన ఒక పవర్ వైరు జారి ప్రాసెసర్ ఫ్యాను రెక్కల్లో ఇరుక్కుంది. దాన్ని ఎవరో ఎప్పుడో రబ్బరు బ్యాండుతో కట్టినారు. మన ఎండలకు రబ్బరు ఎన్నాళ్లు ఉంటుంది? ఎండి, తెగి, అడుగున పడి ఉంది. ఫ్యాను తిరగక, వేడి పెరిగి, ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది.

ఆ రెండు రోజులూ డిజైన్ రాక ఒక మగ్గం ఖాళీగా ఉంది. చీర లెక్కన కూలి తీసుకునే మనిషికి మగ్గం ఆగిందంటే కూలి ఆగినట్లే. కేబుల్ మేనేజ్‌మెంట్ అంటే షోకు అనుకునేవాళ్లు ఒక్కసారి ఆ మగ్గం దగ్గర కూర్చుని రావాలి.

సరే, వైరు తీసినా, ఫ్యాను తిరిగింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వీడియోల్లో చూసినట్లు వైర్లన్నీ మదర్‌బోర్డు ప్లేటు వెనక్కి తోసేసినా. కొత్త క్యాబినెట్లలో వెనక రెండు సెంటీమీటర్ల పైనే సందు ఉంటుంది. ఈ పాత దాంట్లో వేలు కూడా దూరదు. డోరు పొట్ట ఉబ్బినట్లు లేస్తే మోకాలితో నొక్కి స్క్రూలు బిగించినా. ముందు వైపు నుంచి చూస్తే అద్దంలా ఉంది. వారం తిరక్కుండానే హార్డ్ డిస్క్ కనపడకుండా పోయింది. సాటా కేబుల్ మడత పడి నలిగిపోయిందని తర్వాత తెలిసింది. ఈలోగా మామ తనే విప్పి చూసి ఫోన్ చేసినాడు.

"ఏం అల్లుడూ, మగ్గం మీద పోగు తెగితే చేత్తో వెతికి పట్టుకుంటాం. నువ్వు సర్దినాక ఏ వైరు యాడికి పోతాందో నాకు తెలీడం లేదు. ముందే బాగుండె."

నేను చేసింది సర్దడం కాదు, దాచడం. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాటే. గాజు పలక వెనక మెరిసే మన హాస్టల్ పీసీల్లో సగం ఇలాంటివే. వెనక డోరు తెరిస్తే జడ అల్లుకోని తల.

రెండోసారి బోర్డు, డిస్కు, సప్లై అన్నీ విప్పేసి, ఖాళీ డబ్బా ఒక్కటే గోతాంలో వేసుకుని రైల్లో హిందూపురం తెచ్చినా. బోర్డు లోపల ఉంచి డ్రిల్లు పెట్టొద్దు, ఇనుప రజను ఒక్క రవ్వ చాలు షార్ట్ కావడానికి. మా వీధి చివర గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో 32 ఎం.ఎం. హోల్ సా ఉంది. ముందుగా బోర్డు ఆకారం పెన్సిల్‌తో గీసుకుని, దాని అంచులకు అవతల మూడు చిల్లులు వేయించినా. ఒకటి పైమూల ప్రాసెసర్ పవర్‌కు, ఒకటి సాటా వైర్లకు, ఒకటి ముందు బటన్ల సన్న వైర్లకు. అంచులు ఆకురాయితో అరగదీసి, కారు డోరుకు వేసే రబ్బరు బీడింగ్ ముక్క తొడిగినా. లేకపోతే ఆ అంచే బ్లేడులా వైరు తోలు కోస్తుంది. 24 పిన్నుల లావు వైరును మాత్రం వెనక్కి పంపలేదు. దాని కనెక్టరే దాదాపు 5 సెంటీమీటర్లు, ఆ వెనక సందులో పట్టదు. ముందు వైపే, డ్రైవులు పెట్టే చోటు అంచున పట్టీతో కట్టి వదిలేసినా. కనపడితే కనపడనీ.

తిరిగి ధర్మవరం పోయేటప్పుడు రైలు పెనుకొండ దాటుతుంటే మా సీనియర్ చెప్పిన మాట గుర్తొచ్చింది. అక్కడ ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కదా, ఆ పక్కనే విడిభాగాల కంపెనీలో ఆయన ఇంటర్న్‌షిప్ చేసినాడు. కారులో వైర్లన్నీ కళ్లకు కనపడని చోటే ఉంటాయి. కానీ ప్రతి వైరుకూ ఒక రంగు, ప్రతి కట్టకూ ఒక డ్రాయింగ్ ఉంటుంది. దాచినా దారి రాసి పెడతారు. నేనూ అదే చేసినా. వైరు రెండు చివర్లకూ గుడ్డ టేపు చుట్టి, మార్కర్‌తో తెలుగులో పేర్లు రాసినా. మామ డిజైన్లు గీసే గళ్ల కాగితం మీదనే ఏది ఎటు పోతుందో గీసి డోరు లోపలి వైపు అతికించినా.

వైర్లు సర్దితే టెంపరేచర్ పది డిగ్రీలు తగ్గుతుందని నన్ను అడిగితే నేను చెప్పను. మామ మిషన్‌లో అసలు తేడా ఫ్యాను తిరగడంతో వచ్చింది. చిల్లులు వేసినాక తగ్గింది ఒకటో రెండో డిగ్రీలు. వెడల్పాటి పాత ఐడీఈ పట్టీల కాలంలో గాలికి నిజంగానే అడ్డం ఉండేది, సన్నటి సాటా వైర్లకు అంత లేదు. దుమ్ము దులపడం మాత్రం చాలా తేలికైంది, బ్రష్ మూలమూలకూ పోతోంది. ఇప్పుడు కనెక్టర్లన్నీ బోర్డు వెనకే పెట్టే ఆసుస్ బీటీఎఫ్, ఎంఎస్ఐ ప్రాజెక్ట్ జీరో వచ్చినాయి. చూడముచ్చటగా ఉంటాయి. కానీ వాటికి సరిపడే చిల్లులున్న క్యాబినెట్ కావాలి. బోర్డు కాలిపోతే సాయంత్రానికల్లా దొరికిన సెకండ్ హ్యాండ్‌ది బిగించుకునే చోట అవి ఏం చేసుకోవాలి?

పోయిన వారం మామ మళ్లీ ఫోన్ చేసినాడు. పాత డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ వేసుకున్నాడంట, ఎవరినీ పిలవకుండా, తనే. కాగితం చూసుకుంటూ పది నిమిషాల్లో అయిపోయిందంట.

"అంతా బాగుంది గానీ అల్లుడూ, డిస్క్‌కు క వత్తు పెట్టలేదు నువ్వు. డిస్ అని రాసినావు. తెలుగు క్లబ్బులో ఏం చేస్తాండావురా?"