‘బిచ్చపోడు’ ఎవడు?
మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గరైనా, శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి మీదైనా, ఆగిన కారు అద్దం తట్టే మనిషికి జనం పెట్టిన పేరు ‘బిచ్చపోడు’. మాసిన చొక్కాతో బడికి బయల్దేరిన పిల్లాణ్ణి ‘బిచ్చపోని లెక్క ఏందిరా ఇది?’ అని తల్లి కసిరేదీ, కట్నం కోసం బేరమాడే పెళ్లికొడుకు తండ్రిని చాటున చుట్టాలు ఆడిపోసుకునేదీ ఆ మాటతోనే. ఒడుగులో వటువు అడిగితే భిక్ష, రోడ్డు మీద ముసలమ్మ అడిగితే బిచ్చం. మాట పుట్టింది మాత్రం ఒక్కచోటే. కాగితాల మీద ‘యాచకులు’ అని రాసే సర్కారు మర్యాద కూడా అక్షరాల వరకే. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ హైదరాబాద్ సదస్సుకు వచ్చే ముందు నగర పోలీసులు రెండు నెలల పాటు అడుక్కోవడాన్నే నిషేధించి, దొరికినవాళ్లను జైళ్ల ఆవరణలోని ఆశ్రయాలకు తరలించారు. మరుసటి ఏడాదే ఢిల్లీ హైకోర్టు అక్కడ బిచ్చమెత్తడాన్ని నేరంగా చూసే నిబంధనలను కొట్టేసింది. 2021లో సుప్రీంకోర్టు, చదువూ ఉపాధీ లేకనే జనం చెయ్యి చాస్తున్నారంటూ వాళ్లను రోడ్ల మీంచి తొలగించమని చెప్పడానికి ఒప్పుకోలేదు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అధికారులు చేయవలసింది తరమడం కాదు. రాత్రి తలదాచుకునే చోటు, రేషన్ కార్డు, వైద్యం ముందు చూడాలి.