“యాక్షన్ చేస్తోంది సిస్టర్!”



ప్రతి సంవత్సరం జూన్‌లో బడులు తెరిచిన రెండు వారాలకు మన ఓపీలో ఒక రకం రోగులు పెరుగుతారు. ఒంటి మీద యూనిఫాం, మెడలో ఐడీ కార్డు, భుజాన పుస్తకాల బ్యాగు. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య వస్తారు. సోమవారాలు ఎక్కువ. అందరిదీ ఇంచుమించు ఒకటే బాధ: కడుపునొప్పి, లేదా తలనొప్పి. వెంట వచ్చిన తల్లి చెప్పేది కూడా ఇంచుమించు ఒకటే: “యాక్షన్ చేస్తోంది సిస్టర్. సూది వేస్తానని ఒకసారి భయపెట్టండి, అదే లేచి బడికి పోతుంది.”

మన చుట్టుపక్కల ఫిల్మ్‌నగర్‌లో, కృష్ణానగర్‌లో యాక్షన్ అనే మాట కొత్తది కాదు. మన దగ్గరకు వచ్చే కుటుంబాల్లో లైట్‌మెన్లు, కాస్ట్యూమ్ టైలర్లు, ప్రొడక్షన్ బాయ్‌లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు ఎంతోమంది. ఆ మాట వారికి అన్నం పెడుతుంది. అదే మాటను నొప్పి అంటున్న బిడ్డ మీద వాడితే ఏమవుతుందో మాకు ఒక పాప నేర్పింది. అది మా పొరపాటు కూడా కనుక దాచకుండా చెబుతున్నాము.

పాప ఆరో తరగతి. తల్లి జూనియర్ ఆర్టిస్టు. మొదటిసారి వచ్చినప్పుడు జ్వరం లేదు, పొట్ట మెత్తగానే ఉంది. గ్యాస్ మందు ఇచ్చి “బడికి వెళ్లమ్మా” అన్నాము. రెండు వారాలకు మళ్లీ వచ్చింది. అదే నొప్పి, అదే మందు. ఈసారి “అమ్మ కంటే నువ్వే బాగా చేస్తున్నావే!” అని నవ్వాము కూడా. తల్లి నవ్వింది. పాప నవ్వలేదు, తల వంచుకుని వెళ్లిపోయింది.

మూడోసారి రాత్రి పదిన్నరకు ఆటోలో వచ్చింది. 103 డిగ్రీల జ్వరం, వణుకు, నడుము నొప్పి, మూత్రంలో మంట. మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ బయటపడింది. వార్డులో చేర్చుకుని సెలైన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాము. మరునాడు సెలైన్ బాటిల్ మార్చడానికి వెళ్లిన మా స్టూడెంట్ నర్సు, రెండుసార్లూ మేము అడగని ప్రశ్న అడిగింది.

“బడిలో నీళ్లు తాగుతావా, తల్లీ?”

“తాగను అక్కా.”

“ఎందుకని?”

“బాత్రూమ్‌కి గడియ లేదు.”

ఇంటి దగ్గర ఎనిమిదింటికి బయలుదేరితే తిరిగి వచ్చేది నాలుగున్నరకు. అంతసేపూ ఆ పిల్ల ఉగ్గబట్టుకుని కూర్చుంటోంది. ఉగ్గబట్టుకోవలసి వస్తుందని నీళ్లే మానేసింది. మంచం అంచున కూర్చున్న తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: “మేమూ అంతే సిస్టర్. అవుట్‌డోర్ షూటింగుకు పోతే సాయంత్రం దాకా నీళ్లు ముట్టం. చాటు ఉండదు కదా. నాకు తెలిసిన బాధే. నా కూతురికి ఉంటుందని తోచలేదు.”

బైబిలు చదివే వారికి బాల సమూయేలు సంగతి గుర్తుండే ఉంటుంది. రాత్రివేళ ఎవరో పిలిచారని ఆ పిల్లవాడు లేచి ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. నేను పిలవలేదు, పోయి పడుకో అన్నాడు ఏలీ. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి వచ్చినప్పుడు గాని ఆ పెద్దాయనకు సంగతి బోధపడలేదు. అంత గొప్ప యాజకుడికే మూడుసార్లు పట్టింది. కాని ఆ పిల్లవాడు మూడోసారి కూడా వచ్చాడు. మన పిల్లలందరూ మూడోసారి రారు. రెండుసార్లు “యాక్షన్” అనిపించుకున్న బిడ్డ మూడోసారి నోరు మూసుకుంటుంది. మా భయమంతా అదే.

వైద్యశాస్త్రం ఏమంటుంది?

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జాన్ ఆప్లే, నోరా నైష్ అనే డాక్టర్లు వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించి 1958లో ఒక నివేదిక ప్రచురించారు. సుమారు పదిమందిలో ఒకరికి కడుపునొప్పి మళ్లీ మళ్లీ వస్తోందని తేలింది. అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి కడుపులో పెద్ద జబ్బేమీ కనిపించలేదు. జబ్బు లేదు కనుక నొప్పి అబద్ధమని ఆ డాక్టర్లు అనలేదు. మన పేగులకూ మెదడుకూ నరాల ద్వారా ఎడతెగని సంబంధం ఉంది. పరీక్ష హాలు ముందు పెద్దవాళ్లకే కడుపులో తిప్పినట్లవుతుంది. చిన్నపిల్లకు భయం అనే మాట చెప్పడం రాదు, కడుపు మీద చెయ్యి వేసి చూపిస్తుంది. స్కానింగులో ఏమీ రానంత మాత్రాన ఆ నొప్పి లేనట్టు కాదు.

అయితే నిజంగా నటించే పిల్లలు లేరా? ఎందుకు లేరు! మా కాలంలో సెలవు చీటీ అంటే ఒకటే పాఠం. “యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్” అని బట్టీపట్టి రాసేవాళ్లము. చెల్లెలి పెళ్లి చూపులైనా జ్వరమే, హోంవర్కు చెయ్యకపోయినా జ్వరమే. లెక్కల మాస్టారి బెత్తం అంటే భయమని రాస్తే సెలవు ఇచ్చేవారెవరు? అందుకని జ్వరం తెచ్చుకునేవాళ్లము.

మేము చదివిన మిషన్ బోర్డింగులో ఒక వార్డెనమ్మ ఉండేవారు. కడుపునొప్పి అని వెళితే ముందు కాస్త వాము, ఉప్పు నమిలించేవారు. నమ్మారా లేదా అనేది ముఖంలో కనిపించేది కాదు. తర్వాత తన పక్కన కూర్చోబెట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరుతూ, మా వైపు చూడకుండా అడిగేవారు: “బడిలో ఏమైందే?” సగం నొప్పి అక్కడే పోయేది. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలప్పుడు మేము ఆ వాము ఎన్నిసార్లు నమిలామో లెక్కలేదు. నర్సింగ్ స్కూలులో చేరకముందే మాకు దొరికిన మొదటి నర్సింగ్ పాఠం అది.

నేటి పిల్లలకు ఆ పక్కన కూర్చునే సమయం దొరకడం లేదు. సినిమాల్లో నటించే 14 ఏళ్లలోపు పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించకూడదు. చదువు ఆగకూడదు. మంచిదే. మరి కెమెరా ముందుకు ఎన్నడూ పోని ఎనిమిదో తరగతి పిల్లవాడి సంగతేమిటి? పొద్దున బడి, సాయంత్రం స్టడీ అవర్, ఆపై ట్యూషన్. పది, పదకొండు గంటలు బెంచీ మీదే. నిజంగా నటించే బిడ్డకు దొరికిన విశ్రాంతి, “నటిస్తున్నావు” అనిపించుకునే బిడ్డకు దొరకదా?

ఎదిగిన పిల్లల విషయంలో ఇది ఇంకా పెద్ద మాట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న సంగతి మనమెవరమూ మరువలేము. ఏ ఒక్క మరణానికీ కారణం ఒక్కటే అని చెప్పలేము. కాని ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 మార్కులు వచ్చాయి. ఫెయిలైన వారందరి పేపర్లూ ఉచితంగా తిరిగి పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. “నేను బాగా రాశాను నాన్నా” అన్న ఎందరి మాట ఆ కొద్ది రోజుల్లో ఇళ్లల్లో నిలబడి ఉంటుంది? మార్కుల కాగితాన్ని నమ్మినంత తొందరగా బిడ్డ మాటను మనం నమ్మము. నిజంగా ఫెయిలైన బిడ్డకైనా ఆ రాత్రి కావలసింది పక్కన కూర్చునే మనిషి. మార్కుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కనుక తల్లిదండ్రులకు మా మనవి.

బిడ్డ నొప్పి అంటే ముందు “సరే” అనండి. నమ్మినంత మాత్రాన బడి మాన్పించనవసరం లేదు. ఆ తర్వాత తీరికగా అడగండి. పొద్దున తిని వెళ్తోందా? నీళ్లు తాగుతోందా? మరుగుదొడ్డికి వెళ్తోందా? బోర్డు మీది అక్షరాలు కనిపిస్తున్నాయా? ఎవరైనా కొడుతున్నారా, వెక్కిరిస్తున్నారా? ఆటోలో, బస్సులో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా? ఫీజు కట్టలేదని నిలబెడుతున్నారా? ఆడపిల్లకు నెలసరి మొదలైందా? ఒకేసారి అన్నీ అడగకండి, పోలీసు విచారణలా ఉంటుంది. రోజుకొకటి అడిగినా చాలు.

కొన్ని నొప్పులకు మాత్రం ఆలస్యం చేయవద్దు. బొడ్డు చుట్టూ కాక దూరంగా, ముఖ్యంగా కుడివైపు కింద నొప్పి వచ్చినా, నిద్రలోంచి లేపే నొప్పి అయినా, జ్వరం, ఆగని వాంతులు, మలంలో రక్తం, మూత్రంలో మంట, బరువు తగ్గడం కనిపించినా వెంటనే తీసుకురండి.

ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరు వేరు మరుగుదొడ్లు, మంచినీరు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. బడిలో కొట్టకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. అడగడానికి మొహమాటపడకండి. పెద్ద పిల్లలు దిగులుగా, మాటామంతీ లేకుండా ఉంటే 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలకు ఎవరివల్లనైనా హాని ఉందనిపిస్తే 1098కి చేయండి.

ఆ పాప కోలుకుని ఇంటికి వెళ్లిన వారంలోనే ఆమె తల్లి మరో ముగ్గురు తల్లులను వెంటబెట్టుకుని బడికి వెళ్లింది. గడియ బిగించారు. ఆ నలుగురు ఆడవాళ్లు ఒక పూట కూలి పోగొట్టుకున్నారు, అంతే. మా ఓపీలో కూడా ఒక మార్పు చేసుకున్నాము. బడిపిల్ల కడుపునొప్పి అని వస్తే, మందు రాసేలోగా ఒక నర్సు పక్కన కూర్చుని “బడిలో ఏమైంది?” అని అడగాలి. బియ్యంలో రాళ్లు ఏరే తీరిక మాకు లేదు గాని, ఆ ఒక్క ప్రశ్నకు ఉంది.

చిన్నబిడ్డలను తన దగ్గరకు రానిచ్చిన ప్రభువు మీ ఇంటి పిల్లలను ఈ విద్యా సంవత్సరమంతా కాచి కాపాడును గాక.