నీటిమీది వ్రాత

నీటిమీది వ్రాత నిలువదని లోకోక్తి. కాని దక్షిణ చైనా సముద్రముపై గీచిన గీతలు నేటికిని చెరగలేదు. 1947 నాటి చైనా పటమున అవి పదునొకండు, పిదప తొమ్మిదైనవి, 2023లో ప్రకటించిన పటమున పది. లెక్క మారినను, ఆ లోపలి జలములపై హక్కు తమదేనను వాదము మాత్రము మారలేదు.

1988లో జాన్సన్ సౌత్ దిబ్బవద్ద చైనా కాల్పులకు 64 మంది వియత్నాం సైనికులు బలియైరి. 2012లో స్కార్బరో దిబ్బ ఫిలిప్పీన్స్ చేజారెను. ఆ చిన్నదేశము మరుసటి యేట న్యాయము నాశ్రయించెను. చైనా చెప్పు చారిత్రక హక్కుకు న్యాయాధారము లేదనియు, స్కార్బరోవద్ద జాలరుల తరతరాల వేటను అడ్డగించుట అక్రమమనియు 2016 జులై 12న మధ్యవర్తి మండలి తీర్పు చెప్పెను. చైనా దానిని త్రోసిపుచ్చెను. డిక్రీని అమలు జరుపు అమీనా నడిసముద్రమున లేడు కదా!

అట్లని తీర్పులన్నియు వ్యర్థములు కావు. బంగాళాఖాతమున వివాదగ్రస్తమైన 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌వేయని 2014లో అట్టి మండలియే తేల్చగా, బలవత్తరమైన నౌకాదళము గల భారతదేశము దానిని అంగీకరించెను. ఆ సరిహద్దు నేడు వివాదము కాదు.

తీరమును కాచుకొనుటకు నౌకాబలము కావలసినదే. కాని బలహీనుడు తీర్పునకు తలయొగ్గుట గొప్పకాదు. బలవంతుడు తలయొగ్గినప్పుడే అది న్యాయమనిపించుకొనును. అంతవరకు స్కార్బరో జాలరి వలతో పోయి, రిక్తహస్తములతో మరలవలసినదే.