మిలటరీ రావాలనే పెద్దలకు

వానలు ముంచిన ప్రతిసారీ నర్సరావుపేట టీ కొట్ల దగ్గర ఒక మాట వినబడుద్ది: "ఈ ఓట్ల రాజ్యంతో కాదు మాస్టారూ, మిలటరీ పాలన రావాల. అప్పుడు బియ్యం బస్తా నేరుగా ఇంటికొస్తది." అనేది చదువుకున్నోళ్లే. మన పేట కుర్రాళ్లు కూడా తలూపుతున్నారు కాబట్టి ఇది రాయాల్సి వచ్చింది.

1970 నవంబరులో తూర్పు పాకిస్తాన్ తీరాన్ని భోలా తుఫాను ముంచింది. మూడు నుంచి ఐదు లక్షల మంది చచ్చిపోయారని అంచనా. ఏలేది జనరల్ యాహ్యా ఖాన్. సాయం నత్తనడక నడిచింది. 2008 మే 2న బర్మాలో నర్గిస్ తుఫాను. ఒకప్పుడు మన ఉత్తరాంధ్ర కూలీలు ఓడలెక్కి పోయిన దేశమే అది. చనిపోయినోళ్లు, జాడ తెలియనోళ్లు కలిపి 1,38,000 మంది. శవాలు నీళ్లలో తేలుతుంటే సైనిక ప్రభుత్వం విదేశీ సహాయకులకు వీసాలు ఆపింది. మే 10న తన రాజ్యాంగం మీద ఓటింగు మాత్రం ఆపలేదు. బాగా మునిగిన ప్రాంతాలకు దయతలచి మే 24 దాకా వాయిదా!

ఎందుకిట్లా? అమర్త్య సేన్ సిద్ధాంతం మన మాటల్లో చెప్పాలంటే, ఓటు భయం, పేపరు భయం లేని పాలకుడికి జనం ఆకలి పట్టదు. కింది అధికారి పైవాడికి చెడు కబురు చెప్పడు. జవానుని నేను తిట్టడం లేదు. 2004 సునామీలో మన సైన్యం ఎందరినో కాపాడింది, ఎన్నికైన ప్రభుత్వం ఆజ్ఞ కింద. సాయానికి రావడం వేరు, గద్దెనెక్కడం వేరు.

అయితే ఓటుంటే చాలని మురిసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. అదే సునామీలో తమిళనాడు నాగపట్నం వైపు సహాయ శిబిరాల్లో దళితుల్ని వేరుగా పెట్టారని, తాగునీళ్ల దగ్గర కూడా అడ్డుకున్నారని నివేదికలొచ్చాయి. అక్కడ ఏ జనరలూ లేడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించింది దీని గురించే: ఓటులో సమానం, బతుకులో అసమానం. సేన్ లెక్కలో పాలకుడు ఓటరుకి భయపడాలి. ఓటరే ఆసామికి భయపడే ఊళ్లో ఆ లెక్క ఎట్లా కుదురుద్ది? యూనిఫాం లేని మిలటరీ ఎట్లుంటదో 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూశాయి.

ఒక ఏడు వాగు పొంగి మా పల్లె మునిగింది. నష్టం జాబితా ఊళ్లో గుడి అరుగు మీద తయారైంది. భూమి ఆసామి పేరుంది. ఆ చేనునే కౌలుకి చేసిన మా చిన్నాయన పేరు లేదు. పత్తి తీతలు లేక నెల రోజులు పస్తులున్న ఆడకూలీల సంగతేందని అడిగితే, "దానికి కాలమ్ లేదు మాస్టారూ" అన్నాడు రాసేవాడు. ఆ కూలీల్లో మా అమ్మ కూడా ఉంది.

అన్నలారా, అక్కలారా! ఈసారి జాబితా రాసేటప్పుడు మనం అరుగు దగ్గరికి పోవద్దు. మన పేటలో అంబేద్కర్ బొమ్మ దగ్గర బల్ల వేయించండి. ప్రతి పేరూ పైకి చదివించండి. కౌలుదారు పేరు, పోయిన కూలి రోజులు, కూలిన గోడ, అన్నీ రాయించి నకలు తీసుకోండి. టీ కొట్టులో మిలటరీ మాట ఎత్తినోణ్ణి కూడా పిలవండి. చదువుకున్నోడేగా, కూర్చుని రాస్తాడు.